తీర్పు చివరి పేరా

మేజిస్ట్రేటమ్మ మొదటి కాగితం పక్కన పెట్టి రెండోది అందుకుంది. చేతిలో ఇంకా పదహారో పదిహేడో ఉంటాయి. కట్ట మందం చూసి కాగితాలెన్నో చెప్పగలను, ముప్పై ఏళ్ళు కోర్టుల చుట్టూ తిరిగితే నాకబ్బిన విద్య అదొక్కటేనని మా ఆవిడ నాగూర్‌బీ ఎగతాళి చేస్తుంది. పదిహేడు కాగితాలంటే ఈమె చదివే వేగానికి ముప్పావు గంట, మధ్యలో కరెంటు పోతే గంట. ఆ సేపంతా నేను నిలబడే ఉండాలి, ఎందుకంటే ఇవాళ నా చోట నేను లేను. అనకాపల్లి కోర్టు హాల్లో నా చోటు కిటికీ పక్క ముందు బల్ల, ఎడమ కొస. డెబ్బై ఆరులో విలేకరిగా చేరిన రోజునుంచి ఈ రెండువేల ఏడు దాకా ఎన్ని తీర్పులు అక్కడ కూర్చుని రాసుకున్నానో లెక్కలేదు. ఇవాళ ఆ కొసన రిటైర్డు జడ్జి సన్యాసిరావు గారు కూర్చున్నారు, ఒళ్ళో గుడ్డసంచి పెట్టుకుని, బస్సు కోసం చూస్తున్న పెద్దమనిషిలాగా. నేను బోనులో ఉన్నాను. షేక్ జియావుద్దీన్, వయసు యాభై తొమ్మిది, వృత్తి విలేకరి, నేరం పరువు నష్టం. పొద్దున్న బంట్రోతు నా పేరు మూడుసార్లు పిలుస్తుంటే, రోజూ నాతో టీ తాగే మనిషి, గొంతు కొంచెం తగ్గించి పిలిచాడు పాపం. బోను కమ్మీ ఇంత నున్నగా ఉంటుందని ఇన్నేళ్ళలో నాకు తెలియనే తెలియదు. ఎంతమంది అరచేతులు రాస్తే ఇంత నునుపు వచ్చిందో, వాళ్ళలో సగంమంది పేర్లు నేనే పేపర్లో వేసుంటాను.

ఫిర్యాది సూర్యనారాయణ వాదన చదువుతోంది ఇప్పుడు. రెండువేల ఒకటి ఫిబ్రవరి అంది, ఆ ఇంగ్లీషు మాటల వెంటే ఆ మధ్యాహ్నం వచ్చేసింది. సీజను కదా, మార్కెట్టుకి వెళ్ళే బళ్ళ మీంచి కొత్త బెల్లం వాసన హాల్లోకి కూడా వచ్చేది. సూర్యనారాయణ నక్కపల్లి అవతల పల్లెలో రైతు. పొరుగువాళ్ళ చెరకు తోట తగలబడితే నిప్పు పెట్టింది ఇతనేనని కేసు, మూడేళ్ళు నడిచింది. ఆ రోజు తీర్పు. చెప్పేది సన్యాసిరావు గారు, ఇక్కడికి బదిలీ మీద వచ్చి అప్పటికి రెండు నెలలే. స్టెనోకి నిండు కోర్టులో తీర్పు చెప్పి రాయించేవారు. నేనేమో నాలుగుంపావుకి లేవాలి. అప్పటికి ఫ్యాక్సులు వచ్చేశాయి, మా పేపరు వాళ్ళు వాడమని మొత్తుకునేవారు కూడా, కానీ నేను మొదటినుంచీ వార్తల కవరు విశాఖ బస్సు కండక్టరు చేతికిచ్చే రకం, నాలుగున్నర బస్సుకి నా కవరు ఎక్కలేదంటే ఆ రోజు అన్నం సయించేది కాదు. సన్యాసిరావు గారు ఇరవై నిమిషాలపాటు ప్రాసిక్యూషన్ మాట చెప్పారు. పాత పగ, తోట గట్టు మీద దొరికిన అగ్గిపెట్టె, పరుగెడుతుండగా చూశానన్న సాక్షి. ఒక్కొక్కటీ ఆయన నోట వింటుంటే సూర్యనారాయణ తప్పించుకోవడం కల్ల అనిపించింది. ఇంక వినడానికేముంది అనుకున్నాను. గడియారం చూశాను. లేచాను. టీ కొట్టు బల్ల మీద నాలుగు వాక్యాలు గీకాను, చెరకు తోట దగ్ధం కేసులో నేరం రుజువు, శిక్ష వివరాలు తెలియాల్సి ఉంది అని. కవరు బస్సెక్కింది. నేను హాయిగా ఇంకో టీ తాగాను. నాకు తెలియనిదల్లా కొత్త జడ్జి గారి పద్ధతి. ఓడబోయే పక్షం వాదన ముందు చెబుతారాయన, ఆ పక్షం వకీలు కూడా అంత బలంగా చెప్పి ఉండడు, అలా చెబుతారు. ఓడేవాడికి తన మాట పూర్తిగా విన్నారన్న తృప్తయినా మిగలాలట. అక్కడినుంచి మెల్లగా ఒక్కొక్క ముడీ విప్పుకుంటూ వచ్చి, చివరి పేరాలో సూర్యనారాయణ నిర్దోషి అన్నారు.

ఆ తరవాతి భాగం నేను చూడలేదు, సాక్ష్యాల్లో విన్నాను. విన్నాక మాత్రం ఎన్నిసార్లు చూశానో నాకే తెలియదు. సూర్యనారాయణ కోర్టునుంచి ఇంటికి వెళ్ళలేదు, మొక్కు ఉందని నేరుగా సింహాచలం వెళ్ళి, తలనీలాలిచ్చి, రాత్రి సత్రంలోనే పడుకున్నాడు. ఊళ్ళో వాళ్ళ అమ్మ కాసులమ్మ ఒక్కతే ఉంది. తెల్లారి పేపరొచ్చింది. ఎవరో చదివి వినిపించారు. కేసు నడిచిన మూడేళ్ళూ పొరుగింటివాళ్ళ ఎదుట తల దించని మనిషి ఆవిడ. నూతి దగ్గర వాళ్ళు మూతి తిప్పితే తనూ తిప్పేదట. ఆ పొద్దున్న తిన్నగా వాళ్ళ గుమ్మం ముందుకి వెళ్ళి, ఊరంతా చూస్తుండగా, సాష్టాంగం పడిపోయింది. నా కొడుకు జైలుకెళ్తే బతకడు, మీరే ఏదో చెయ్యండని కాళ్ళు పట్టుకుంది. వాళ్ళు లెమ్మనలేదు. పది దాటాక గుండుతో, చేతిలో ప్రసాదం పొట్లంతో కొడుకు ఊళ్ళోకి వచ్చేటప్పటికి కూడా ఆవిడ అక్కడే ఉంది. అతనేమో గెలిచొచ్చాడు. నేను నాలుగు రోజుల తరవాత సవరణ వేయించాను, ఆరో పేజీ అడుగున మూడు లైన్లు. ఆ మూడు లైన్లు కత్తిరించి పట్టుకుని సూర్యనారాయణ మా ఇంటికొచ్చాడు. అరవలేదు. అరుస్తాడని నేను మాటలు సిద్ధం చేసుకుని కూర్చున్నాను, అవన్నీ వృథా అయిపోయాయి. "నువ్వు పేపర్లో దిద్దేవు. మాయమ్మ ఒంగిన నడుం ఎవులు దిద్దుతారు?" అన్నాడు. ఆ కాగితం మా అరుగు మీద పెట్టి వెళ్ళిపోయాడు.

ఏడో కాగితం. దగ్గొచ్చింది మేజిస్ట్రేటమ్మకి, గ్లాసు అందుకుంది. మా అమ్మాయి అతియా వయసే ఉంటుంది, ముప్పై దాటి ఉండవు. ఈ పిల్ల చేతిలో నా ముప్పై ఏళ్ళ పేరు ఉందని భయపడాలి కదా, భయం ఉంది కూడా. దోషి అంటే రేపే పేపరు వాళ్ళు గుర్తింపు కార్డు వెనక్కి ఇమ్మంటారు. సంపాదకుడి పేరు హైదరాబాదు హైకోర్టులో ఎప్పుడో కొట్టేయించుకున్నారు, ఈ కేసులో మిగిలింది నేనొక్కణ్ణే. అయినా ఆ భయం కింద ఇంకేదో తేలిగ్గా ఉంది, పండగ ముందు రోజులాగా. ఎందుకో చెబుతాను, ముందు ఆయన సంగతి.

ఆ తప్పుడు వార్త వచ్చిన రోజునే సన్యాసిరావు గారు ఛాంబరుకి రమ్మన్నారు. కోర్టు ధిక్కారం, జైలు ఖాయం అనుకుంటూ వెళ్ళాను. దారిలో కోర్టు వెనక సందులో మా నాన్న కుట్టుమిషను చప్పుడు వినబడుతుంటే కాళ్ళు ఇంకా బరువెక్కాయి. ఈ ఊరి వకీళ్ళ నల్లకోట్లన్నీ మా నాన్న కుట్టినవే. ఆ కోట్లకి బొత్తాలు కుడుతూనే నేను కోర్టు మాటలు నేర్చుకున్నాను. లోపలికి వెళ్ళాక ఆయన చాలాసేపు ఫైలు చూశారు. తరవాత తలెత్తకుండానే అడిగారు, "బస్సు దొరికిందా?" అని. దొరికింది సార్ అన్నాను. దొరక్కపోతే ఎంత బాగుండేదోనన్నారు. అంతే. ఇకమీదట నా కోర్టులో చివరి పేరా విన్నాకే లేవండి అని పంపేశారు. అక్కడినుంచి ఆయన రిటైరయ్యేదాకా రెండున్నరేళ్ళు ప్రతి తీర్పూ చివరిదాకా కూర్చున్నాను. రోడ్డు మీద ఎదురైతే నమస్కారం పెట్టేవాణ్ణి, ఆయన తీసుకునేవారు కాదు. సిట్టింగు జడ్జి విలేకరి నమస్కారం తీసుకుంటే ఊరు నాలుగు రకాలుగా అనుకుంటుందని తరవాత చెప్పారు. ఆ రెండున్నరేళ్ళూ నేను మాత్రం ఈయనకి నా ముఖం చూడటం కూడా ఇష్టం లేదనుకుని, ఎంత బాధపడ్డానో.

రిటైరైన మూడో రోజున మా దుకాణానికి వచ్చారు. నాన్న పోయాడు అప్పటికి, మా తమ్ముడు జావీద్ కుడుతున్నాడు. ముప్పై నాలుగేళ్ళు నలుపు వేశాను, ఏదైనా రంగు చూపించు నాయనా అన్నారు. ఏరి ఏరి చిలకపచ్చ తానులోంచి రెండు చొక్కాలకి తీసుకున్నారు. వద్దు సార్ అని నేను, జావీద్ కూడా, ఎంత చెప్పినా వినలేదు. అందులో ఒకటి ఇవాళ తొడుక్కొచ్చారు. పాతబడి రంగు కొంచెం చచ్చింది కనక చూడగలుగుతున్నాను. బావమరిది తోటలో ఇల్లుంటే కొండకర్లలో కాపురం పెట్టారు. ఆదివారం పొద్దున్నే నేను బస్సులో వెళ్ళడం, ఇద్దరం ఊరి పక్క ఆవ చెరువులో తాటి దోనె ఎక్కడం, ఆయన మెడలో బైనాక్యులర్సు. పిట్టల పేర్లు ఒక్కటీ సరిగ్గా తెలియవాయనకి. నిన్న కొంగ అన్నదాన్ని ఇవాళ బాతంటారు, ఏ సాక్ష్యంతో అంటున్నారు సార్ అంటే బెనిఫిట్ ఆఫ్ డౌట్ అంటారు. దోనె నడిపే సత్తియ్య పక్కకి తిరిగి నవ్వుకునేవాడు. నేను నా పాత కోర్టు కబుర్లు చెప్పేవాణ్ణి. గొలుగొండ పైనుంచి పొలం తగాదాలో సాక్ష్యానికొచ్చిన మోదకొండమ్మ, నీ వయసెంతమ్మా అని అడిగితే, నువ్వే సూసి రాసుకో బాబూ, నేను మోసీ వయసు నాకు కనబడదు అందని చెబితే, దోనె ఊగిపోయేలా నవ్వారు. మూడున్నరేళ్ళు అలా గడిచాయి. ఇంత వయసొచ్చాక ఒక స్నేహితుడు దొరకడం మామూలు సంగతి కాదు, ఆ సుఖం నాకు తెలుసు. ఒక్కటే నియమం. నా కేసు ఎత్తకూడదు. ఎత్తబోతే చెయ్యెత్తి ఆపేవారు, విచారణలో ఉంది జియా అని. అదుగో నీటికాకి అని చూపించేవారు, అది తామరాకు అయ్యేది.

నాకు అడగాలని ఉండేది గెలుస్తానా ఓడతానా అని కాదు. కాసులమ్మ దగ్గరికి వెళ్ళి తప్పు నాదమ్మా అని ఎప్పుడు చెప్పొచ్చు అని. సూర్యనారాయణ వచ్చి వెళ్ళిన మర్నాడే వెళ్ళి ఉండాల్సింది, వెళ్ళలేదు, పిరికితనం, ఎల్లుండి, ఎల్లుండి అనుకుంటుండగానే సమన్లు వచ్చాయి. అక్కడినుంచి తలుపులు మూసుకుపోయాయి. ఆవిడ రెండో సాక్షి. సాక్షుల దరిదాపులకి పోకూడదని బెయిలు షరతు. పేపరు తరఫు వకీళ్ళేమో క్షమించమన్నావంటే నేరం ఒప్పుకున్నట్టే, నోరెత్తకు అన్నారు. నాకు వకాల్తా పట్టిన లక్ష్మీకుమారి మంచిమనిషి, ఆవిడ కూడా, కేసు తేలాక ఎన్నిసార్లయినా చెప్పుకోండి మాస్టారూ, తేలేదాకా వద్దంది. చట్టం ఇంత చిత్రమైనదని ముప్పై ఏళ్ళు దాని పక్కన కూర్చుని కూడా నేను కనిపెట్టలేదు. తప్పు చేసినవాడికి తప్పు అనే హక్కు లేదు, ముందు తప్పు చేశావని ఇంకొకరు చెప్పాలి. ఆరేళ్ళుగా కాసులమ్మ వాయిదాలకి వస్తోంది, వరండాలో చివర నేల మీద కూర్చుంటుంది, నేను ఆవిడ పక్కనుంచి కళ్ళు దించుకుని నడుస్తాను. ఏడాది ఏడాదికీ నడుం ఇంకా వంగుతోంది, ఎనభై ఉంటాయి. పోయిన వేసవిలో ఒక వాయిదాకి రాలేదు. ఆవిడ పోయిందేమోనని నాకు ఊపిరాడలేదు. తరవాతి వాయిదాకి కనబడింది. ఆ రోజు జుమ్మా కాకపోయినా మసీదుకి వెళ్ళొచ్చాను. ఇప్పుడు నిర్దోషి అన్నారనుకో, పైకోర్టుకి వెళ్తామని సూర్యనారాయణ వకీలు ముందే చెప్పాడు, ఇంకో ఆరేళ్ళు. అంతకాలం ఆవిడ ఉంటుందా. ఈ మాట పొద్దున్న నాగూర్‌బీతో అంటే, లుంగీ మడత పెడుతూ నా మొహంలోకి చూసి, నువ్వు ఓడిపోవాలని దువా చేస్తున్నావా అంది. లేదన్నాను. అబద్ధం.

పదమూడు. నా తరఫు వాదన మొదలుపెట్టింది. దురుద్దేశం లేదు, సవరణ వేశాడు, ముప్పై ఏళ్ళలో మచ్చ లేదు. బాగా చెబుతోంది, లక్ష్మీకుమారి కంటే బాగా చెబుతోంది. పూర్వపు అలవాటు ఊరుకోదు కదా, ఇంత బాగా చెబుతోందంటే ఏమిటి అర్థం అని లెక్కలు కడుతోంది బుర్ర, ఊరుకో అంటున్నాను. సన్యాసిరావు గారి వైపు చూస్తే ఆయన గోడ మీద గడియారం పక్కనున్న బల్లిని చూస్తున్నారు, దాన్ని ఏ పిట్ట అనుకుంటున్నారో. పదిహేను. మంచి ఉద్దేశం ఉంటే చాలదు, తగిన జాగ్రత్త ఉండాలి, వినకుండా రాయడం జాగ్రత్త కాదు. పదహారు. వెనక వరసలో కాసులమ్మని ఇవాళ బల్ల మీద కూర్చోబెట్టారు, కొడుకు చెయ్యి ఆవిడ భుజం మీద ఉంది. చివరి కాగితం పట్టుకుని మేజిస్ట్రేటమ్మ తెలుగులోకి మారింది. "మీ మీద నేరం రుజువైంది. శిక్ష విషయంలో ఏమైనా చెప్పుకుంటారా?" ఈ ప్రశ్నకి ముద్దాయిలు చెప్పే జవాబులు నేను వందలు రాసుకున్నాను. పిల్లలు చిన్నవాళ్ళు, ముసలి తల్లి ఉంది, నేనొక్కణ్ణే దిక్కు. నాకు మాత్రం ఛాతీలోంచి ఒక బరువు దిగిపోయింది, దోషి అన్న మాటకి అంత హాయిగా ఊపిరి పీల్చుకున్నవాణ్ణి ఆ హాల్లో నేను ఎప్పుడూ చూడలేదు. అప్పీలు ఉందండీ, మాట్లాడకండి అని లక్ష్మీకుమారి బోను దగ్గరకొచ్చి గొణిగింది. అప్పీలు వద్దమ్మా అన్నాను. శిక్ష గురించి చెప్పుకోవడానికేమీ లేదు, రెండో సాక్షితో ఒక్క మాట చెప్పుకోనివ్వండి అని అడిగాను. మేజిస్ట్రేటమ్మ కలం మూసి, చెప్పండి అంది.

ఆరేళ్ళు నోట్లో నానబెట్టుకున్న మాటలు ఎన్నో ఉన్నాయి, ఒక్కటీ రాలేదు. కాసులమ్మ గారూ, నేను చివరిదాకా వినకుండా లేచిపోయి రాశాను, మీ తల దించింది నేను, నన్ను క్షమించండి అన్నాను. ఉర్దూ మాట ఏదో కూడా కలిసింది మధ్యలో. ఆవిడ కొడుకు చెయ్యి తీసేసి నిలబడింది, నిలబడ్డా పెద్ద తేడా లేదు, నడుం అంతే. "ఈ ముక్క సెప్పడానికి ఆరేళ్ళు పట్టిందేటి బాబూ? ఆ రోజే మా గుమ్మంలోకొచ్చుంటే, గుక్కెడు మజ్జిగిచ్చి పంపీదాన్ని కాదేటి" అంది. సూర్యనారాయణ ముఖం అటు తిప్పుకున్నాడు. మేజిస్ట్రేటమ్మ కలం తెరిచి కాగితం అడుగున ఒక్క వాక్యం రాసింది. తరవాత, మందలించి విడిచిపెట్టడమైనది అని చదివింది, మందలింపు ఇప్పుడే అయిపోయిందనుకుంటాను అని తనలో తనన్నట్టు అని, లేచి లోపలికి వెళ్ళిపోయింది.

వరండాలో బెంచీ మీద కూర్చుని నోటుబుక్కు తీశాను. కార్డు అడిగేది రేపు కదా, ఈ రోజు వార్త నాదే. ముద్దాయి పేరు, తండ్రి పేరు, వయసు, ఊరు, ఎవరికి రాసినా ఎలా రాస్తానో అలాగే రాశాను. పక్కన పచ్చచొక్కా వచ్చి కూర్చుంది. తేలిపోయింది కదా, ఇంక మాట్లాడొచ్చు అన్నారు సన్యాసిరావు గారు. ఆయన చేతులు గుడ్డసంచి పిడులని మెలిపెడుతున్నాయి. "ఆ రోజు నువ్వు లేవడం చూసేను, జియా. సగంలో పోతన్నాడు, తప్పు రాత్తాడు అని తెలుసు. ఒక్క నిమిషం ఆగమంటే ఆగీవాడివి. జడ్జీని కదా, పిలిస్తే ఏటి బాగుంటాదని పిలవలేదు" అన్నారు. ఆరేళ్ళు, మూడున్నరేళ్ళ ఆదివారాలు, దోనెలో చెయ్యెత్తి ఆపినప్పుడల్లా ఆయన ఆపుకుంటున్నది ఇదన్నమాట. ముసలాయన మెడ మీద చెమట చూస్తుంటే నాకు కళ్ళు నిండాయి. ఇది కూడా వెయ్యి, నా పేరుతో సహా వెయ్యి అన్నారు.

"నేను కోర్టులో జరిగిందే రాస్తాను సార్. ఇది కోర్టులో జరగలేదు" అన్నాను.

ఆయన నా భుజం మీద చెయ్యి వేసి అలాగే ఉంచేశారు. నేను మిగతా వార్త రాయడం మొదలుపెట్టాను.